ఇంట్లో మనిషి ప్రాణాపాయంలో ఉంటే జైల్లో ఉన్నవారిని రప్పించుకోవడం ఎలా: తిరుపతి, చిత్తూరు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

"అమ్మ రుయాలో ఐసీయూలో ఉంది. అన్న సబ్‌జైల్లో ఉన్నాడు. ఒక్కసారి చూపించాలంటే ఎవరిని అడగాలి?" ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న తరచూ వస్తోంది. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే జైలు గేటుకీ పోలీస్ స్టేషన్‌కీ మధ్య తిరిగి అలసిపోయి ఉంటారు. పనికిరాని చోట అడిగి ఉంటారు, లేదా సరైన చోటే అడిగినా చేతిలో సరైన కాగితం ఉండి ఉండదు.

ఇలాంటి అనుమతి దొరుకుతుంది. అయితే ఇచ్చేవాళ్లు అందరికీ ఒకరే కాదు, అడిగే తీరూ ఒకటే కాదు. కింద రాసిన వరుసలోనే పని మొదలుపెట్టండి. కొన్ని పనులు ఒకేసారి జరగాలి కాబట్టి ఇంట్లో కనీసం ఇద్దరు పని పంచుకోవాలి. ఒకరు ఆసుపత్రి చూసుకుంటే ఇంకొకరు కోర్టు, జైలు వైపు తిరగాలి.

1. ముందు తేల్చుకోవాల్సింది: రిమాండా, శిక్షా?

ఈ ఒక్క విషయం మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

రిమాండ్ ఖైదీ, అంటే కేసు ఇంకా నడుస్తున్న మనిషి, కోర్టు అధీనంలో ఉంటారు. ఆయన్ని జైలు సూపరింటెండెంట్ గానీ కలెక్టర్ గానీ ఎస్పీ గానీ బయటికి పంపలేరు. కోర్టు నుంచి మధ్యంతర బెయిల్ (కొద్ది రోజులకు మాత్రమే ఇచ్చే బెయిల్) గానీ, ఎస్కార్టుతో, అంటే పోలీసు కాపలాతో, తీసుకెళ్లమన్న ఉత్తర్వు గానీ రావాలి. పెరోల్, అంటే శిక్ష పడ్డవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే తాత్కాలిక విడుదల, ఈయనకు వర్తించదు. కలెక్టరేట్‌లో పెరోల్ అర్జీ ఇచ్చి వారం రోజులు ఎదురుచూసిన రిమాండ్ ఖైదీల కుటుంబాలు ఉన్నాయి. ఆ వారం తిరిగి రాదు.

శిక్ష పడ్డ ఖైదీ విషయంలో అధికారం జైళ్ల శాఖది, రాష్ట్ర ప్రభుత్వానిది. అర్జీ జైలు సూపరింటెండెంట్ ద్వారా పైకి వెళ్తుంది. మన రాష్ట్రంలో దీనికి 1981 నాటి పెరోల్ నిబంధనలు, 1979 నాటి జైళ్ల నిబంధనలు ఆధారం.

శిక్ష పడింది గానీ అప్పీలు ఇంకా హైకోర్టులోనో సెషన్స్ కోర్టులోనో నడుస్తోందా? అప్పుడు రెండు చోట్లా అడగండి. జైలుకి అర్జీ ఇస్తూనే, అప్పీలు ఉన్న కోర్టులో కొద్ది రోజుల పాటు శిక్ష నిలుపుదల కోరుతూ పిటిషన్ వేయించండి. అప్పీలు పెండింగ్‌లో ఉంది కాబట్టి తమ చేతిలో లేదని ప్రభుత్వం వైపు నుంచి జవాబు రావడం మామూలే. ఆ జవాబు వచ్చాక కోర్టుకు వెళ్తే ఆలస్యమైపోతుంది.

పీడీ చట్టం (ముందస్తు నిర్బంధ చట్టం) కింద నిర్బంధంలో ఉన్నవారిది మూడో రకం. ఎర్రచందనం కేసుల వల్ల మన వైపు ఇది వినని మాటేమీ కాదు. అక్కడ బెయిల్ ఉండదు. తాత్కాలిక విడుదల కోసం రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాలి, కుదరకపోతే హైకోర్టులో రిట్ (ప్రభుత్వ నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్) వేయాలి.

ఏ రకమో తెలియకపోతే జైలు గేటు దగ్గరే అడగండి. పేరు, తండ్రి పేరు, ఊరు చెబితే ఏ కేసులో ఉన్నారో, ఏ కోర్టు పంపిందో చెబుతారు. స్టేషన్‌లో క్రైమ్ నంబరు దొరుకుతుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరు కొట్టి కేసు నంబరు, సీఎన్‌ఆర్ నంబరు కూడా తీసుకోవచ్చు.

2. మొదటి రోజు చేయాల్సిన పనులు

డాక్టర్ "దగ్గరి వాళ్లను పిలిపించుకోండి" అన్న రోజే ఇవి మొదలవ్వాలి. ఇంకో రెండు రోజులు చూద్దాంలే అనుకోకండి.

☐ ఖైదీ రకం, జైలు పేరు, కేసు నంబరు, కోర్టు పేరు ఒకే కాగితం మీద రాసిపెట్టుకోండి
☐ ఆసుపత్రి సర్టిఫికెట్ కోసం డ్యూటీ డాక్టర్‌ని అడగండి (3వ భాగం చూడండి)
☐ పాత లాయర్ ఉంటే ఆయనకే ముందు ఫోన్ చేయండి
☐ లాయర్ లేకపోతే న్యాయ సేవల ఉచిత నంబరు 15100కి ఫోన్ చేయండి
☐ జైలుకు వెళ్లి విషయం లోపలి మనిషికి తెలిసేలా చేయండి, ఆయన పేరు మీదే ఒక అర్జీ ఇప్పించండి
☐ మీ ఊరి స్టేషన్‌లో ఎస్సైని కలిసి, విచారణ కోసం ఫోన్ రావచ్చని ముందే చెప్పండి

పాత లాయరే ఎందుకంటే వకాల్తా వల్ల. తన తరఫున వాదించమని లాయర్‌కి రాసిచ్చే కాగితం అది. కొత్త లాయర్‌ని పెట్టుకుంటే వకాల్తా మీద ఖైదీ సంతకం, దానికి జైలు అధికారి ధ్రువీకరణ కావాలి. చిత్తూరులో లాయర్, కడపలో ఖైదీ అయితే ఒక రోజు దానికే పోతుంది. పాత వకాల్తా అమల్లో ఉంటే ఆ రోజే పిటిషన్ వేయవచ్చు. ఫీజు బాకీ ఉండి ఆయన దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లున్నారు. వెళ్లండి. ఇలాంటి పనికి కాదనే లాయర్లు తక్కువ.

ఇక డబ్బు లేని వాళ్ల సంగతి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టమే చెబుతోంది. చిత్తూరు కోర్టుల దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. తిరుపతి, శ్రీకాళహస్తి లాంటి చోట్ల మండల న్యాయ సేవల కమిటీలు ఉంటాయి. జైళ్లలో లీగల్ ఎయిడ్ క్లినిక్కులు, పారా లీగల్ వాలంటీర్లు ఉంటారు. వెళ్లి "అత్యవసరం, మెడికల్ సర్టిఫికెట్ ఉంది" అని మొదటి మాటగానే చెప్పండి. కేసు కథంతా మొదలుపెట్టకండి.

3. డాక్టర్ సర్టిఫికెట్: సగం పిటిషన్లు ఆగేది ఇక్కడే

"రోగి చికిత్స పొందుతున్నారు" అని మాత్రమే రాసి ఉన్న కాగితం దేనికీ పనికిరాదు. అది చూసిన పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయర్) "చికిత్స జరుగుతోంది కదా, తొందరేముంది?" అంటారు. అలా అనడం ఆయన ఉద్యోగం.

సర్టిఫికెట్‌లో ఇవి ఉండాలి:

☐ రోగి పూర్తి పేరు, వయసు, ఆధార్‌లో ఉన్నట్టే
☐ చేరిన తేదీ, ఐపీ నంబరు, వార్డు లేదా ఐసీయూ
☐ జబ్బు పేరు, ప్రస్తుత పరిస్థితి (వెంటిలేటర్ మీద ఉన్నారా, స్పృహలో ఉన్నారా)
☐ "పరిస్థితి విషమంగా ఉంది, బంధువులకు తెలియజేశాం" అన్న అర్థం వచ్చే వాక్యం
☐ డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్ర, తేదీ
☐ ధ్రువీకరించుకోవడానికి ఆసుపత్రి ఫోన్ నంబరు

ఏ డాక్టరూ "ఈయన ఫలానా రోజులోపు చనిపోతారు" అని రాసివ్వరు. అలా రాయమని ఒత్తిడి చేస్తే అసలు కాగితమే ఇవ్వకుండా పోయే ప్రమాదం ఉంది. "కోర్టులో చూపించాలి సార్, పరిస్థితి సీరియస్ అన్న మాట ఉంటే చాలు" అని అడగండి. రుయా, స్విమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రుల్లో యూనిట్ డాక్టర్ రాసినదాని మీద ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) లేదా సూపరింటెండెంట్ ముద్ర కూడా వేయిస్తే దాని బలమే వేరు. ఆ సంతకం కోసం పొద్దున రౌండ్లు అయ్యాక వెళ్లండి. సాయంత్రం వెళ్తే మర్నాడు రమ్మంటారు.

తేదీ పాతబడకూడదు. పిటిషన్ విచారణకు వచ్చే రోజుకి సర్టిఫికెట్ వారం కిందటిదైతే "ఇప్పుడెలా ఉంది?" అని జడ్జి గారు అడుగుతారు. విచారణ రోజు పొద్దున తాజా కేసు షీట్ పేజీ ఫొటో లాయర్‌కి పంపండి.

ఇంకో పెద్ద చిక్కు డిశ్చార్జి. "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అని పంపేస్తారు. కాగితం మీద మాత్రం "బంధువుల కోరిక మేరకు డిశ్చార్జి" అని ఉంటుంది. చూసేవాళ్లకు అది జబ్బు నయమై ఇంటికి వెళ్లినట్టో, చికిత్స వద్దని మీరే తీసుకెళ్లినట్టో కనిపిస్తుంది. పిటిషన్ కొట్టేయడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. అందుకే ఆసుపత్రి వదిలే ముందే డిశ్చార్జి సమ్మరీలో "వ్యాధి ముదిరిన దశలో ఉన్నందున ఇంటి వద్ద ఉపశమన సేవలకు పంపుతున్నాం" అన్న వాక్యం రాయించుకోండి. ఇంటికి చేరాక మీ పీహెచ్‌సీ డాక్టర్‌ని పిలిపించి, చూసి ఒక కాగితం రాసివ్వమనండి. క్యాన్సర్ రోగులకు ఇది మరీ ముఖ్యం. వాళ్ల ఆఖరి రోజులు ఎక్కువగా ఇంట్లోనే గడుస్తాయి.

దొంగ సర్టిఫికెట్ జోలికి పోవద్దు. కోర్టు అడగగానే పోలీసులు ఆసుపత్రికి ఫోన్ చేస్తారు, కొన్నిసార్లు కానిస్టేబుల్ వెళ్లి మంచం దగ్గర చూసి వస్తాడు. అబద్ధమని తేలితే ఈ పిటిషన్ పోవడం ఒక్కటే కాదు, రేపు నిజంగా అవసరమైనప్పుడు కూడా ఎవరూ నమ్మరు.

4. చుట్టరికం రుజువు

ఇది తేలిక. రైస్ కార్డు, ఇద్దరి ఆధార్లు, సచివాలయం ద్వారా తీసుకునే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం సరిపోతాయి. పత్రం చేతికి రావడానికి టైం పడుతుందంటే దాని కోసం ఆగకండి, దరఖాస్తు రసీదు జతచేసి పిటిషన్ వేసేయండి.

తల్లి, తండ్రి, భార్య, భర్త, పిల్లలు, తోబుట్టువులు అయితే ప్రశ్నలు రావు. అవ్వ, తాత, మేనమామ, అత్త అయితే ఎందుకు అంత దగ్గరో ఒక పేరాలో చెప్పాలి. "అమ్మ చిన్నప్పుడే పోతే అవ్వే పెంచింది" అన్నది నిజమైతే అదే రాయండి, స్కూలు రికార్డులో సంరక్షకురాలిగా ఆమె పేరుంటే జతచేయండి.

5. రిమాండ్ ఖైదీకి: కోర్టు దారి

పిటిషన్ ఏ కోర్టులో? రిమాండ్ పొడిగిస్తున్న కోర్టులోనో, కేసును బట్టి సెషన్స్ కోర్టులోనో వేయాలి. 2024 జూలై 1 నుంచి క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది కాబట్టి పిటిషన్‌లో బెయిల్‌కి సంబంధించిన 480, 483 సెక్షన్ల పేరు కనిపిస్తుంది. ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం), పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), ఎస్సీ ఎస్టీ కేసులకు ప్రత్యేక కోర్టులు ఉంటాయి. ఎస్సీ ఎస్టీ కేసుల్లో బాధితులకు నోటీసు ఇచ్చి వాళ్ల మాట వినాలి. మైనర్ల మీద అత్యాచారం కేసుల్లో కూడా ఫిర్యాదుదారు వైపు వినాల్సి ఉంటుంది. నోటీసు అందలేదన్న కారణంతో వాయిదా పడకుండా, పిటిషన్ వేసిన రోజే స్టేషన్‌కి వెళ్లి త్వరగా అందించమని కోరండి.

నా సలహా: ఒకే పిటిషన్‌లో మూడు మెట్ల కోరిక పెట్టించండి.

(అ) ఇన్ని రోజుల మధ్యంతర బెయిల్ ఇవ్వండి.
(ఆ) అది కుదరకపోతే, పోలీసు ఎస్కార్టుతో ఆసుపత్రికి తీసుకెళ్లి కొన్ని గంటలు చూపించి తిరిగి తీసుకురావాలని ఆదేశించండి.
(ఇ) ఈ లోపు రోజూ వీడియో కాల్‌లో మాట్లాడే ఏర్పాటు చేయమని జైలు సూపరింటెండెంట్‌ను ఆదేశించండి.

మొదటిది ఇవ్వడానికి వెనకాడే జడ్జి రెండోది ఇవ్వవచ్చు. మొదటిది మాత్రమే అడిగి కొట్టివేయించుకుంటే రెండోదాని కోసం కొత్త పిటిషన్ వేయాలి. కేసు తీవ్రమైనదైతే, హత్య కేసు అనుకోండి, రెండోదాన్నే ముందు పెట్టమని లాయర్‌కి చెప్పినా తప్పులేదు.

రోజుల సంఖ్య దగ్గర ఆశ తగ్గించుకోండి. నెల రోజులు అడిగితే అసలు ఉద్దేశం మీదే అనుమానం వస్తుంది. ఎన్ని రోజులు, ఎందుకు అన్నది చెప్పగలిగేలా ఉండాలి.

అఫిడవిట్‌లో దాచకూడనివి:

☐ ఇంతకుముందు బెయిల్ పిటిషన్లు కొట్టేసి ఉంటే ఆ వివరాలు
☐ ఖైదీ మీద ఉన్న మిగతా కేసులు (పీటీ వారెంటు ఉంటే అది తప్పకుండా)
☐ ఇంట్లో ఉన్న ఇతర కొడుకులు, కూతుళ్లు
☐ బయటికొస్తే ఎక్కడ ఉంటారు, ఫిర్యాదుదారులు అదే ఊళ్లో ఉంటారా

పీటీ వారెంటు అంటే, ఒక కేసులో జైల్లో ఉన్న మనిషిని ఇంకో కేసు కోసం కోర్టుకు హాజరుపరచమనే ఉత్తర్వు. ఒక కేసులో మధ్యంతర బెయిల్ వచ్చినా రెండో కేసులో రిమాండ్‌లో ఉంటే గేటు తెరుచుకోదు. అన్ని కేసుల్లోనూ ఒకే రోజు పిటిషన్లు పడాలి.

"మిగతా పిల్లలు ఉన్నారు కదా, వాళ్లు చూసుకుంటారు" అన్నది ప్రాసిక్యూషన్ వైపు నుంచి దాదాపు ప్రతిసారీ వచ్చే వాదన. ఒక్కడే కొడుకు అని అబద్ధం చెప్పి దాన్ని తప్పించుకోవాలని చూడకండి. రైస్ కార్డులోనే దొరికిపోతారు. సాకడానికి కాదు, ఆఖరి చూపు కోసం అడుగుతున్నామని పిటిషన్‌లో సూటిగా రాయండి. సేవ చేయడానికి ఇంకో కొడుకు ఉండవచ్చు గానీ, తల్లి చూడాలనుకుంటున్న కొడుకు ఈయనే.

ఉత్తర్వు వచ్చాక జామీనుదారుల దగ్గర మళ్లీ ఆగిపోతుంది. ఇద్దరు జామీనుదారులు, వాళ్ల ఇంటి పన్ను రసీదులు, ఆస్తి విలువ పత్రాలు, ఫొటోలు సమకూర్చేసరికి రోజు గడిచిపోతుంది. అందుకే సొంత పూచీకత్తు మీద విడుదల చేయాలని, వీలైతే దాన్ని జైలు సూపరింటెండెంట్ దగ్గరే రాసి ఇచ్చే వెసులుబాటు ఇవ్వాలని పిటిషన్‌లోనే అడగండి. హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకునేవాళ్లకు ఇది మరీ అవసరం. లేకపోతే అమరావతిలో ఉత్తర్వు వచ్చినా జామీను కోసం మళ్లీ కింది కోర్టుకి రావాలి.

బెయిల్ ఉత్తర్వు సాఫ్ట్ కాపీని అదే రోజు గానీ మర్నాడు గానీ జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి ఈ-మెయిల్ చేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. కోర్టు గుమస్తాకి ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయండి. సాయంత్రం లాకప్ వేశాక వచ్చిన కాగితం మర్నాటి పొద్దుటికే పని చేస్తుంది. కాబట్టి ఒకరు కోర్టు దగ్గరా ఇంకొకరు జైలు దగ్గరా ఉండాలి.

కింది కోర్టులో కాదంటే హైకోర్టు ఉంది. అదే రోజు వినమని కోరడాన్ని లంచ్ మోషన్ అంటారు, సెలవు రోజున జడ్జి గారి ఇంటి దగ్గర వినమని కోరడాన్ని హౌస్ మోషన్ అంటారు. ఈ మాటలు తెలిసి ఉంటే లాయర్‌తో మాట్లాడటం సులువు. వేసవి సెలవుల్లో వెకేషన్ జడ్జి ఎవరో ముందే కనుక్కోండి.

6. శిక్ష పడ్డ ఖైదీకి: జైలు దారి

మన జిల్లాల నుంచి పెద్ద శిక్షలు పడ్డవాళ్లు ఎక్కువగా కడప, నెల్లూరు సెంట్రల్ జైళ్లలో ఉంటారు. మహిళలు కడప మహిళా జైల్లో ఉండవచ్చు. కాగితాలు స్వయంగా ఇవ్వండి. పోస్టులో పంపి కూర్చోవద్దు.

అర్జీ ఇలా ఉంటే చాలు:

"జైలు సూపరింటెండెంట్ గారికి, ఖైదీ నంబరు ____, పేరు ____ నమస్కరించి రాయునది. నా తల్లి ____, వయసు ____, ఫలానా ఆసుపత్రిలో ____ తేదీ నుంచి విషమ పరిస్థితిలో ఉన్నారు. డాక్టర్ సర్టిఫికెట్ జతచేశాను. ఆమెను చూసేందుకు నాకు అత్యవసర పెరోల్ ఇప్పించవలసిందిగా, అది ఆలస్యమయ్యే పక్షంలో పోలీసు ఎస్కార్టుతో తీసుకెళ్లవలసిందిగా కోరుతున్నాను. నేను ఉండబోయే చిరునామా ____. పూచీ ఇచ్చేవారు ____, ____."

ఇదే విషయంతో కుటుంబం తరఫున మరో అర్జీ కూడా ఇవ్వండి. రెండింటి మీదా అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. తర్వాత హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే ఆ తేదీయే మీ ఆధారం.

ఆ తర్వాత అర్జీ ఎస్పీ కార్యాలయం మీదుగా మీ ఊరి స్టేషన్‌కి విచారణకు వస్తుంది. ఆ మనిషి ఊళ్లోకి వస్తే గొడవలవుతాయా, పారిపోయే అవకాశం ఉందా, జబ్బు నిజమేనా అన్నవి చూస్తారు. ఆలస్యమయ్యేది ఈ నివేదిక దగ్గరే. సర్టిఫికెట్ జిరాక్స్ ఎస్సైకి ముందే ఇచ్చి ఉంటే ఆయన పని సగం తగ్గుతుంది. సూపరింటెండెంట్‌ని కలిసినప్పుడు, ఇందులో ఆయన స్థాయిలో అయ్యేదేమిటి, పైకి వెళ్లాల్సిందేమిటి, ఏ తేదీన ఏ నంబరుతో పంపారు అని అడిగి రాసుకోండి.

ఊళ్లో ఫిర్యాదుదారుల కుటుంబం ఉంటే నివేదిక వ్యతిరేకంగా రావడం సహజం. పుంగనూరు వైపు పల్లెలో జరిగిన కేసైతే, ఆయన్ని ఆ పల్లెకు పోనివ్వకుండా తిరుపతిలో చెల్లెలి ఇంట్లో ఉంచి, అక్కణ్ణుంచే ఆసుపత్రికి వెళ్లి వచ్చేలా చూస్తామని మీరే ముందు రాసివ్వండి.

ఎన్‌డీపీఎస్ కేసులో శిక్ష పడ్డవాళ్లకు పెరోల్ ఉండదని చాలామంది చెబుతారు. ఆ చట్టంలోని 32ఏ సెక్షన్ పెరోల్‌కి అడ్డుకాదని 2000లో దాదూ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరైనా కాదంటే ఆ కేసు పేరు చెప్పండి.

పెరోల్ రోజుల లెక్క కూడా తెలిసి ఉండాలి. ముందస్తు విడుదలకు లెక్కించే కాలంలో పెరోల్ రోజులు కలవవని సుప్రీంకోర్టు 2023లో గోవా ఖైదీల కేసులో చెప్పింది. అందుకని వద్దనుకోకండి గానీ, లోపలి మనిషికి తెలియజేయండి.

జవాబు రాకపోయినా, తిరస్కరించినా హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. దానికి హైకోర్టు న్యాయ సేవల కమిటీ ద్వారా ఉచితంగా లాయర్ దొరుకుతారు.

7. ఎస్కార్టుతో చూపించడం

దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, బేడీలతో, పోలీసులతో వస్తే పరువు పోతుందని. నా ఉద్దేశంలో ప్రాణం పోయేలోపు చూపించగలిగేది ఎక్కువసార్లు ఇదే. కుటుంబంలో మరణం లాంటి అత్యవసరాల కోసం కస్టడీ పెరోల్ (పోలీసు కాపలాలోనే తీసుకెళ్లి తీసుకురావడం) అనేది ఉందని 2017లో అష్ఫాక్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది.

ఇక్కడ అడ్డంకి సిబ్బంది. ఎస్కార్టు ఇచ్చేది ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) పోలీసులు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, గంగమ్మ జాతర రోజుల్లో అందరూ బందోబస్తులోనే ఉంటారు. అందుకే "ఫలానా తేదీన ఎస్కార్టు ఇవ్వాలి" అని ఎస్పీని ఉద్దేశించి ఉత్తర్వులోనే ఉండేలా చూడండి. ఎస్కార్టు ఖర్చు కుటుంబం భరించాలని ఉత్తర్వులో రావచ్చు. కట్టుకోలేని స్థితి ఉంటే ఆ సంగతి పిటిషన్‌లోనే చెప్పి మినహాయింపు అడగండి.

ఆసుపత్రి సెక్యూరిటీకి, వార్డు నర్సుకి ముందే చెప్పి పెట్టండి. ఐసీయూలోకి ఒక్కరినే పంపుతామంటే కానిస్టేబుల్ ఎక్కడ నిలబడాలో అప్పటికప్పుడు వాదించుకోవాల్సి వస్తుంది. బంధువులంతా ఆ టైంకి గుంపుగా రాకండి. జనం ఎక్కువైతే ఎస్కార్టు వాళ్లు కంగారుపడి తొందరగా తీసుకెళ్లిపోతారు.

8. వేలూరు ఆసుపత్రి, సరిహద్దు చిక్కులు

చిత్తూరు వాళ్లకు పెద్ద జబ్బంటే వేలూరు సీఎంసీయే. అది తమిళనాడు. బెయిల్ లేదా పెరోల్ షరతుల్లో "జిల్లా దాటరాదు", "రాష్ట్రం దాటరాదు" అన్న మాట మామూలుగా ఉంటుంది. దానితో వేలూరు వెళ్తే షరతు ఉల్లంఘన. పిటిషన్‌లోనే ఆసుపత్రి పేరు, ఊరు, వెళ్లే దారి రాసి, అనుమతి ఉత్తర్వులో కనిపించేలా చూడండి. ఎస్కార్టు అయితే ఇది ఇంకా ముఖ్యం, పోలీసులకు వేరే రాష్ట్రం వెళ్లడానికి విడిగా అనుమతి కావాలి.

ఖైదీయే వేలూరు జైల్లో ఉంటే వర్తించేవి తమిళనాడు నిబంధనలు. 1982 నాటి శిక్ష నిలుపుదల నిబంధనల్లో ఎమర్జెన్సీ లీవు అనే పేరుతోనే విడి ఏర్పాటు ఉంది. వెళ్లాల్సిన హైకోర్టు మద్రాసుది.

ఎర్రచందనం కేసుల్లో ఇక్కడి జైళ్లలో ఉన్న తమిళ కూలీలది దీనికి తలకిందులైన కష్టం. ఇంటి నుంచి వచ్చే సర్టిఫికెట్లు తమిళంలో ఉంటాయి. వాటికి తెలుగు లేదా ఇంగ్లిష్ అనువాదం జతచేయకపోతే పిటిషన్ తిరిగొస్తుంది. తమిళం చదవగలిగే లాయర్లు చిత్తూరు, నగరి, సత్యవేడు వైపు కొదవ లేదు, వాళ్లను అడగండి.

9. ఉత్తర్వు వచ్చేలోపే ప్రాణం పోతే

పిటిషన్ మురిగిపోదు. లాయర్‌కి వెంటనే ఫోన్ చేసి, అంత్యక్రియలకు అనుమతి కోరుతూ మెమో వేయించండి. ఆసుపత్రి ఇచ్చే మరణ ధ్రువీకరణ కాగితం ఫొటో చాలు, మునిసిపాలిటీ సర్టిఫికెట్ కోసం ఆగనక్కర్లేదు. ఇంట్లోనే పోతే పంచాయతీ కార్యదర్శి లేదా వీఆర్వో రాసిచ్చిన కాగితం జతచేయండి.

దహనం లేదా ఖననం ఎప్పుడో, ఎక్కడో స్పష్టంగా రాయండి. ముస్లిం కుటుంబాల్లో జనాజా అదే రోజు జరుగుతుంది కాబట్టి ఆ సంగతి మొదటి వాక్యంలోనే ఉండాలి. తలకొరివి పెట్టాల్సింది ఈయనే అయితే అదీ చెప్పండి. శవాన్ని ఎంతసేపు ఉంచగలరో ఇంటి పెద్దలతో మాట్లాడి ఒక గంట ఖాయం చేసుకోండి. ఫ్రీజర్ బాక్స్ తెప్పించుకుంటే ఒక రోజు వెసులుబాటు వస్తుంది.

అంత్యక్రియలకు అందకపోతే పెద్దకర్మకు అడగవచ్చు. అది తేదీ ముందే తెలిసిన కార్యం కాబట్టి అధికారులకు ఏర్పాటు చేసుకునే టైం ఉంటుంది.

బతికుండగా చూడటానికి ఇప్పుడే అడిగితే తర్వాత అంత్యక్రియలకు ఇవ్వరేమో అని ఆగేవాళ్లున్నారు. నేనైతే ఆగను. మొదటి అనుమతి వాడుకుని టైంకి తిరిగి వెళ్లిన మనిషికి రెండోసారి అడగడం సులువవుతుంది.

10. ఈ లోపు వీడియో కాల్

అనుమతి కోసం తిరుగుతూ దీన్ని మర్చిపోతారు. ఈ-ములాఖత్ పోర్టల్‌లో వీడియో ములాఖత్ (ఖైదీతో వీడియోలో మాట్లాడే అవకాశం) బుక్ చేసుకోవచ్చు. రోజు నిండిపోయిందని చూపిస్తే సూపరింటెండెంట్‌ని కలిసి సర్టిఫికెట్ చూపించి ప్రత్యేకంగా అడగండి. ఐసీయూలోకి ఫోన్ తీసుకెళ్లడానికి డ్యూటీ డాక్టర్ ఒప్పుకోవాలి. రోగి మాట్లాడలేకపోయినా ఫోన్ చెవి దగ్గర పెట్టి కొడుకు మాట వినిపించండి.

11. బయటికొచ్చిన రోజు నుంచి తిరిగి వెళ్లేదాకా

☐ ఉత్తర్వు జిరాక్సు ఎప్పుడూ జేబులో ఉండాలి
☐ స్టేషన్‌లో సంతకం చేయమంటే చెప్పిన టైంకి చేయాలి, రాసుకున్న పుస్తకం పేజీ ఫొటో అడగాలి
☐ చెప్పిన చిరునామాలోనే పడుకోవాలి
☐ ఫిర్యాదుదారుల ఇంటి వైపు, సాక్షుల వైపు వెళ్లకూడదు, ఫోన్ చేయకూడదు
☐ మందు, ఊరేగింపులు, ఫేస్‌బుక్ ఫొటోలు ఏవీ వద్దు

గడువు పొడిగింపు కావాలంటే అది ముగియకముందే అడగాలి. "అమ్మ నిన్ననే పోయింది, కర్మ అయ్యాక వస్తాను" అని ఫోన్ చేసి ఊరుకుంటే అది పరారీ కిందే లెక్క. కొత్త కేసు పడుతుంది, జామీనుదారుల డబ్బు పోతుంది, ఇకముందు పెరోల్ దొరకదు. పొడిగింపు మీద ఉత్తర్వు రాలేదా, తిరిగి వెళ్లిపోవడమే. ఒంట్లో బాగాలేకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో చేరి, ఆ కాగితం గడువులోపే జైలుకీ స్టేషన్‌కీ అందించాలి.

తిరుపతి నుంచి కడప జైలు దాదాపు 140 కిలోమీటర్లు. ఆఖరి బస్సు మీద ఆధారపడకుండా మధ్యాహ్నానికే గేటు దగ్గర ఉండండి. లోపలికి వెళ్లాక సరెండర్ అయినట్టు రాతపూర్వకంగా తీసుకుని ఒక కాపీ లాయర్‌కి, ఒక కాపీ స్టేషన్‌కి ఇవ్వండి.

మరణం జరిగి ఉంటే ఆ సంగతి గేటు దగ్గరే అధికారికి చెప్పండి, జైలు డాక్టర్‌కి కూడా తెలిసేలా చూడండి. ఆ రాత్రి ఆయన్ని ఒంటరిగా ఉంచవద్దని, తోటి ఊరివాళ్లున్న బారకులో ఉంచమని అడగండి. వచ్చే వారం ములాఖత్‌కి ఎవరు వెళ్తారో ఇంట్లో ఇప్పుడే నిర్ణయించుకుని, స్లాట్ బుక్ చేయండి.